పాత మిద్దెలో, పొలంలో పర్యాటకులకు గదులు: పెట్టుబడికి ముందు తెలుసుకోవాల్సినవి

గండికోట, అహోబిలం, బెలుం గుహలు, యాగంటి చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఈమధ్య ఒక ఆలోచన ఎక్కువగా వస్తోంది. శని, ఆదివారాలు ఊరి మీదుగా బెంగళూరు కార్లు పోతున్నాయి. రాత్రికి ఉండటానికి చోటు దొరక్క జమ్మలమడుగు దాకా వెనక్కి పోయేవాళ్లూ ఉన్నారు. మన పాత మిద్దెలో రెండు గదులు బాగుచేసి అద్దెకిస్తే శనక్కాయ పంట పోయిన ఏడాది కూడా నాలుగు రూపాయలు వస్తాయి కదా అని.

ఆలోచన చెడ్డది కాదు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. అయితే ఈ వార్తలు చూసి పొలంలో ఐదారు లక్షలు పోసి గదులు కట్టాక, ఆ స్థలంలో కట్టకూడదని నోటీసు వచ్చినా, ఏడాదిలో పది నెలలు గదులు ఖాళీగా ఉన్నా, బ్యాంకు కంతు మాత్రం ఆగదు. అందుకే ఇటుకలు తోలించక ముందు రెండు పనులు చేయాలి. మీ స్థలానికి ఏ నిబంధనలు వర్తిస్తాయో కనుక్కోవాలి. మీ ఊరికి నిజంగా ఎంతమంది రాత్రి బసకు వస్తారో లెక్క కట్టుకోవాలి.

ముందు గిరాకీ సంగతి

యాత్రికులు వస్తారు అన్నంత మాత్రాన రాత్రికి ఉంటారని కాదు. మన ప్రాంతంలో ఒక్కో చోటుది ఒక్కో తీరు.

గండికోటకు వచ్చేవాళ్లు పెన్నా లోయ మీద సూర్యోదయం, సూర్యాస్తమయం చూడటానికి వస్తారు. అంటే సాయంత్రం వచ్చి, రాత్రి ఉండి, తెల్లారి చూసుకుని తొమ్మిది గంటలకల్లా బయల్దేరతారు. రాత్రి బస తప్పనిసరి, కానీ ఒక్క రాత్రే. కాబట్టి ప్రతి అతిథికీ దుప్పట్లు ఉతకాలి, గది కడగాలి. మూడు రోజులుండే అతిథితో పోలిస్తే పని మూడింతలు, ఆదాయం మాత్రం ఒక రాత్రిదే. పర్యాటక అభివృద్ధి సంస్థ వారి హరిత హోటల్ అక్కడే ఉంది, గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. మీ పోటీ వాళ్లతోనే.

బెలుం గుహలు అలా కాదు. కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహలు 3,229 మీటర్ల పొడవున్నాయి, 2002 నుంచి సందర్శకులకు తెరిచారు. జనం బాగానే వస్తారు. కానీ పగటిపూట చూసి వెళ్లిపోతారు. సాయంత్రం తలుపులు మూశాక అక్కడ ఉండాల్సిన పని ఎవరికీ లేదు. గుహల పక్కనే పొలం ఉన్న రైతు గదులు కట్టేకంటే రోడ్డు మీద ఉగ్గాని బజ్జీ, జొన్నరొట్టె, మజ్జిగ అమ్మడం మేలు.

అహోబిలంలో నవ నరసింహ క్షేత్రాలన్నీ చూడాలంటే కొండలెక్కి దిగాలి, ఒక్కరోజు చాలదు. అందువల్ల బసకు గిరాకీ ఉంది. కానీ అక్కడ, అలాగే మంత్రాలయం, మహానంది, యాగంటిలో దేవస్థానం, మఠం గదులు, కులసంఘాల సత్రాలు తక్కువ ధరకు ఉంటాయి. చాలామంది భక్తులకు అవి చాలు. సత్రంలో గది దొరకని పెద్దవాళ్లు, చిన్నపిల్లలున్న కుటుంబాలు, శుభ్రమైన మరుగుదొడ్డి కోసం ఇంకొంచెం డబ్బు పెట్టగలిగినవాళ్లు మీ అతిథులు. మహాశివరాత్రి, ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు, శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధన, శ్రీరామనవమికి ఒంటిమిట్ట ఉత్సవాలు, ఇలాంటి నాలుగైదు రోజుల్లో ఎంత అద్దె చెప్పినా గది నిండుతుంది. ఆ రోజుల్లో కనిపించే జనాన్ని చూసి ఏడాది లెక్క కట్టడమే అసలు పొరపాటు. (తొలకరి పడగానే తుగ్గలి మండలం జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి వచ్చేవాళ్లనూ కొందరు లెక్కలో వేసుకుంటారు. వాళ్లు చెట్ల కిందా గుడి అరుగుల మీదా పడుకుంటారు గానీ గది అద్దెకు తీసుకోరు.)

చాలామంది మరిచిపోయే ఇంకో గిరాకీ ఉంది. కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఓర్వకల్లు, గడివేముల వైపు సోలార్ పార్కు, పిన్నాపురం విద్యుత్ ప్రాజెక్టు. వీటికి పనిమీద వచ్చే టెక్నీషియన్లు, సర్వే వాళ్లు, కాంట్రాక్టు ఇంజినీర్లు వారాలు, నెలల తరబడి ఉంటారు. గదికి రోజు అద్దె తక్కువే వస్తుంది, కానీ వేసవిలో కూడా వస్తుంది. లోయ కనిపించే కిటికీ వాళ్లకు అక్కరలేదు. నీళ్లు, కరెంటు, వేళకు సంగటి, పప్పు, రాత్రికి చపాతీ ఉంటే చాలు. మీ ఊరు ఇలాంటి పనుల దగ్గర ఉంటే, మా అభిప్రాయంలో పర్యాటకుల కంటే వీళ్లనే ముందు అడగాలి.

గిరాకీని ఎలా కొలవాలి?

దీనికి పెద్ద సర్వే అక్కరలేదు. నాలుగైదు వారాలు ఓపిక కావాలి. ఒక శనివారం సాయంత్రం, ఒక ఆదివారం పొద్దున, ఒక మంగళవారం, ఈ మూడు పూటలు మీరు ఎంచుకున్న చోట వాహనాలు నిలిపే స్థలం దగ్గర గంటసేపు కూర్చోండి. నోటుబుక్కులో కార్లు ఎన్ని, బైకులు ఎన్ని, నంబరు ప్లేటు కేఏనా, టీఎన్‌నా, టీజీనా, ఏపీనా అని గీతలు పెట్టుకోండి. కుటుంబాలా, కుర్రాళ్ల గుంపులా అన్నదీ రాయండి. మంగళవారం లెక్కే మీకు అసలు సంగతి చెబుతుంది. ఇదే పని ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేస్తే ఇంకా మంచిది. ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో కోట మీద మనిషి కనిపించడు.

తర్వాత చదువుకునే పిల్లల చేత ఫోన్‌లో హోటల్ బుకింగ్ యాప్‌లు తెరిపించండి. మీ ప్రాంతంలో రాబోయే ఎనిమిది శనివారాలకు గదులు ఉన్నాయా, అయిపోయాయా చూడండి. అవే చోట్ల బుధవారాలకు కూడా చూడండి. అద్దె ఎంతో రాసుకోండి. అతిథులు రాసిన అభిప్రాయాల్లో పొగడ్తలు వదిలేసి ఫిర్యాదులు చదవండి. బాత్రూమ్ శుభ్రంగా లేదు, నీళ్లు రాలేదు, రాత్రి పురుగులు వచ్చాయి, దారి దొరకలేదు, భోజనం ఆలస్యమైంది అనే మాటలు పదే పదే కనిపిస్తాయి. మీరు దేనిమీద డబ్బు పెట్టాలో ఆ ఫిర్యాదులే చెబుతాయి.

ఆటోవాళ్లను, జమ్మలమడుగు, బనగానపల్లె, ఆళ్లగడ్డ లాడ్జీల్లో కౌంటర్ దగ్గర ఉండేవాళ్లను అడగండి. "గది లేక వెనక్కి పంపిన రోజులు నెలకెన్ని?" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. వ్యాపారం ఎలా ఉంది అని అడిగితే ఎవరైనా బాగుందనే చెబుతారు.

రెండు గదుల లెక్క

కింది అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. మీరు కొలిచిన అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

గండికోట దగ్గర రెండు గదులు, గదికి రాత్రికి 1,800 రూపాయలు అనుకుందాం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సుమారు 21 వారాలు. వారానికి రెండు రాత్రులు, రెండు గదులు అంటే మొత్తం 84. కొత్తవాళ్లకు అందులో సగం నిండినా గొప్పే, 42. మిగతా ఏడాదంతా కలిపి ఇంకో 20. అంటే ఏడాదికి 62. వచ్చేది 1,11,600 రూపాయలు. సగం బుకింగులు యాప్‌ల ద్వారా వచ్చాయనుకుని 15 శాతం కమిషన్ తీస్తే 8,370 పోతుంది. ఉతుకు, శుభ్రం చేసే మనిషి కూలి గదికి రాత్రికి 250 చొప్పున 15,500. కరెంటు, నీళ్లు 150 చొప్పున 9,300. సున్నం, పరుపులు, కుళాయిల మరమ్మతు ఏడాదికి 12,000. మిగిలేది 66,430.

ఇప్పుడు పెట్టుబడి వైపు చూడండి. పొలంలో కొత్తగా రెండు గదులు కట్టడానికి 6 లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే నెల కంతు దాదాపు 13,050. ఏడాదికి లక్షా 56 వేల పైమాటే. గదుల మీద మిగిలింది 66 వేలు. తక్కిన 90 వేలు మీ చీనీ తోట నుంచో, పాల డబ్బు నుంచో తెచ్చి కట్టాలి.

అదే ఊళ్లో ఉన్న పాత మట్టిమిద్దెకు కప్పు సరిచేయించి, నాపరాళ్లు పరిపించి, మంచి బాత్రూములు కట్టడానికి లక్షన్నర తెస్తే నెల కంతు 3,260, ఏడాదికి 39 వేల చిల్లర. అప్పుడు 27 వేలు చేతికి మిగులుతాయి. మీ ఇంటి ఆడవాళ్ల వంట మీద వచ్చే లాభం దీనికి అదనం. రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టే ఇంట్లో గది అద్దె కంటే భోజనం మీదే ఎక్కువ మిగలడం మామూలే. మందమైన మట్టిగోడల మిద్దె వేసవిలో చల్లగా ఉంటుంది, ఏసీ ఖర్చూ తగ్గుతుంది. పట్నం నుంచి వచ్చేవాళ్లు చూడాలనుకునేదీ అదే ఇల్లు.

పంట రుణం, కిసాన్ క్రెడిట్ కార్డు డబ్బు దీనికి వాడవద్దు. సాగు కోసం ఇచ్చిన అప్పు అది. గడువుకు కట్టలేకపోతే వడ్డీ రాయితీ పోతుంది, వచ్చే కారుకు పెట్టుబడీ ఉండదు.

స్థలం ఎలాంటిది?

గ్రామకంఠంలో ఉన్న సొంత ఇల్లు అన్నిటికంటే సులువు. అది నివాస స్థలమే కాబట్టి భూమి మార్పిడి సమస్య రాదు. పంచాయతీ అనుమతులు చూసుకుంటే చాలు.

పొలంలో కట్టాలంటే కథ వేరు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చడానికి 2006 నాటి నాలా చట్టం ఉండేది. మార్పిడికి భూమి విలువలో కొంత శాతం రుసుము కట్టేవాళ్లం. 2025లో ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. అందువల్ల రెండేళ్ల కిందట పక్క రైతు కట్టిన రేటు పట్టుకుని కూర్చోకుండా, ఇప్పుడు ఏ పద్ధతి, ఎంత ఛార్జీ అన్నది తహసీల్దార్ కార్యాలయంలో అడిగి రాయించుకోండి.

దానికి ముందే మీభూమి వెబ్‌సైట్‌లో మీ 1-బి, అడంగల్ తీసి చూసుకోండి. భూమి డీ-పట్టా అయితే జాగ్రత్త. ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూమికి 1977 నాటి చట్టం వర్తిస్తుంది. అందులో గదుల వ్యాపారం పెడితే పట్టాకే ముప్పు రావచ్చు. ఇతరుల డీ-పట్టా భూమిని లీజుకు తీసుకుని గుడారాలు వేయాలనుకోవడం ఇంకా ప్రమాదం. మన జిల్లాల్లో ఎక్కువగా ఉన్న చుక్కల భూములు, 22-ఏ నిషేధిత జాబితాలోని సర్వే నంబర్ల మీద బ్యాంకు కూడా అప్పివ్వదు.

ఇక గండికోట వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఊరేమో కోట గోడల లోపలే ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. అందులో కొత్త కట్టడం కుదరదు. ఉన్న ఇంటి మరమ్మతుకు కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ఏది కట్టాలన్నా నిరభ్యంతర పత్రం ఉండాలి. మరుగుదొడ్డే కదా, రేకుల షెడ్డే కదా అని మొదలుపెట్టవద్దు. పంచాయతీ అనుమతి ఇచ్చినా పురావస్తు శాఖ అనుమతికి అది బదులు కాదు. గ్రామ సర్వేయర్ చేత మీ స్థలం కోట హద్దుకు ఎన్ని మీటర్లుందో ముందు కొలిపించుకోండి. సిద్ధవటం కోట లాంటి ఇతర రక్షిత కట్టడాల దగ్గర ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

అహోబిలం వైపు నల్లమల అంచు భూములు, లంకమల వైపు భూములు ఉన్నవాళ్లు అటవీ రేంజ్ అధికారిని అడగాలి. పులుల అభయారణ్యం, వన్యప్రాణి సంరక్షణ కేంద్రాల చుట్టూ కట్టడాలకు, రాత్రి దీపాలకు, శబ్దానికి అదనపు షరతులు ఉంటాయి. జలాశయాల ఒడ్డున ముంపు కోసం సేకరించిన భూమి నీళ్లు తగ్గినప్పుడు బయటపడి ఖాళీగా కనిపిస్తుంది. అది మీ పాత పొలమే అయినా ఇప్పుడు జలవనరుల శాఖది.

రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు

మొదట గ్రామ సచివాలయం. వ్యాపార లైసెన్సు, ఇంటి పన్నులో వచ్చే మార్పు, కట్టడం అనుమతి అక్కడ తేలుతాయి. మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందేమో కూడా అక్కడే అడగండి.

తర్వాత జిల్లా పర్యాటక అధికారి. 2022 ఏప్రిల్ 4 నుంచి బెలుం, అహోబిలం, యాగంటి, మహానంది నంద్యాల జిల్లాలో ఉన్నాయి కాబట్టి ఆ ఊళ్లవాళ్లు కర్నూలు కాకుండా నంద్యాల వెళ్లాలి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒక్క గది నుంచి ఆరు గదుల వరకు, అంటే 12 మంచాల దాకా నమోదు చేసుకోవచ్చు. అసలు షరతు ఏమిటంటే యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి. మీరు ఊళ్లో ఉండి పొలంలో గదులు అద్దెకిస్తే అది ఈ పథకంలోకి రాదు. పథకంలో సిల్వర్, గోల్డ్ అని రెండు శ్రేణులున్నాయి. రాష్ట్ర విధానం కింద రాయితీలు ఏవి అందుతున్నాయో, హోమ్‌స్టేలకు కరెంటు ఏ కేటగిరీలో ఇస్తున్నారో అదే ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

డబ్బుకు భోజనం పెడితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారానికి రుసుము తక్కువే, మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో చేయించుకోవచ్చు. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. యాప్ ద్వారా వచ్చే బుకింగుల మీద పన్ను ఆ యాప్ కంపెనీయే వసూలు చేసి కడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు ఇది 5 శాతం. అతిథి కట్టే మొత్తంలో అది కలుస్తుంది కాబట్టి ధర పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాలి.

పోలీస్ స్టేషన్‌కు ముందుగానే వెళ్లి చెప్పడం మంచిది. రిజిస్టరులో ప్రతి అతిథి పేరు, ఫోన్, వాహనం నంబరు, గుర్తింపు కార్డు వివరాలు రాయాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అది ఒక్క రాత్రికైనా సరే. మైనర్లు పెద్దలు లేకుండా వస్తే గది ఇవ్వవద్దు.

కరెంటు, పథకాలు

వ్యవసాయ ఉచిత కనెక్షన్ నుంచి గదులకు వైరు లాగితే అది కేసు అవుతుంది. దీనిలో మొహమాటం ఏమీ లేదు.

ఇంటి మీటరు మీదే గదులు నడిపేవాళ్లకు వేరే చిక్కు ఉంది. తల్లికి వందనం వంటి రాష్ట్ర పథకాల అర్హతలో నెలకు సగటున 300 యూనిట్లు దాటని కుటుంబం అనే నిబంధన పెట్టారు. రెండు ఏసీలు, గీజరు పెడితే ఈ హద్దు సులువుగా దాటుతుంది. నెలకు రెండు వేలు సంపాదించబోయి పిల్లల చదువు డబ్బు పోగొట్టుకోవచ్చు. గదులకు వేరే మీటరు తీసుకుంటే, అది ఎవరి పేరున ఉండాలి, ఆ యూనిట్లు కుటుంబం లెక్కలో కలుస్తాయా అన్నది సచివాలయంలో అడిగాకే దరఖాస్తు పెట్టండి. గదుల అద్దె వ్యవసాయ ఆదాయం కాదు, ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. పన్ను కట్టే స్థాయికి చేరితే పీఎం కిసాన్ కూడా ఆగిపోతుంది.

నీళ్లు

రాయలసీమలో గదుల వ్యాపారాన్ని ఆపేది చివరికి బోరే. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి పథకం మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్కగట్టింది. పట్నానికి ప్రమాణం 135 లీటర్లు. పట్నం అతిథి మీ ఇంటికి వచ్చినా పట్నం లెక్కలోనే వాడతాడు, దుప్పట్ల ఉతుకు అదనం. నలుగురు అతిథులుంటే రోజుకు 700 లీటర్లు అనుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎంత పోస్తుందో కిందటి రెండు వేసవులు గుర్తు చేసుకోండి. చీనీ చెట్లకు డ్రిప్ ఆపి గదులకు నీళ్లివ్వాల్సిన పరిస్థితి ఉంటే ఆ రెండు నెలలు గదులు మూసేయడమే మంచిది. ఎలాగూ అప్పుడు అతిథులు తక్కువ. ఒక ఎండాకాలం ఎండిన చెట్టును మళ్లీ కాపుకు తేవడానికి ఏళ్లు పడుతుంది.

ఊరితో, ఇంటితో మాట్లాడుకోవాల్సినవి

మద్యం తాగనిస్తారా, లేదా? పెళ్లికాని జంటలకు ఇస్తారా? రాత్రి పది తర్వాత పాటలు ఆపమంటే ఎవరు చెప్పాలి? మాంసం వండమంటే మీ ఇంట్లో ఒప్పుకుంటారా? ఇవి మొదటి అతిథి వచ్చాక తేల్చుకునే విషయాలు కావు. ఇంట్లో ఆడవాళ్లను ముందు అడగండి, ఎందుకంటే తెల్లవారుజామున టీ పెట్టేది, గది ఊడ్చేది చాలా ఇళ్లలో వాళ్లే. శనక్కాయ పీకే రోజుల్లో, కలుపు రోజుల్లో ఈ పని ఎవరు చేస్తారో చెప్పుకోండి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లతోనూ మాట్లాడండి. వాళ్లలో ఒకరికి బట్టల ఉతుకు, ఒకరికి ఆటో, ఒకరికి పాలు పెరుగు అప్పగిస్తే ఫిర్యాదులు సగం తగ్గుతాయి.

సేద్యపు కుంటకు, వాడని బావికి కంచె వేయండి. ఈత రాని పట్నం పిల్లలకు కుంట అంచు ప్లాస్టిక్ షీటు మీద కాలు జారితే పైకి రావడం కష్టం. మోటారు స్టార్టరు పెట్టెకు తాళం, పురుగుమందుల డబ్బాలు వేరే గదిలో, పాముకాటుకు మందు ఉండే దగ్గరి ఆస్పత్రి నంబరు గోడ మీద. లోయ అంచుకు రాత్రిపూట వెళ్లవద్దని అతిథులు గది తీసుకునేటప్పుడే చెప్పండి.

ఈ సమాచారమంతా సేకరించడానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా సమయం ఉంటుంది, వాన కోసం చూసే రోజులే. అనుమతులు కుదిరితే అక్టోబరులో ఒక్క గదితో మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా ప్రతి రాత్రి రాబడి, ఖర్చు రాయండి. రెండో గదికి అప్పు అడగడానికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకమే బ్యాంకు మేనేజరుకు చూపించండి.